నెమూర్ పక్షమా, సికో పక్షమా?

కుర్చీ ఇటు లాక్కో నాయనా. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఇవాళ నేను చెప్పే ముచ్చట వింటే నీ కాలు నీ మాట వినదు, చూస్తూ ఉండు.

1955 అంటే నీకు ఒట్టి అంకె. మాకది నాగార్జునసాగర్‌కు నెహ్రూ గారు పునాదిరాయి వేసిన ఏడు. ఆంధ్రప్రదేశ్ ఇంకా పుట్టనే లేదు. రూపాయికి పదహారణాల లెక్కే నడుస్తోంది, నయాపైసలు రావడానికి ఇంకా రెండేళ్ళుంది. సరిగ్గా ఆ ఏడే, జూలై 26న, కరీబియన్ సముద్రంలో ఉన్న హైతీ దేశంలో, రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్‌లో పండగ జరుగుతోంది. మేరీ మాతను కన్నతల్లి సెయింట్ ఆన్. ఆ తల్లి పండగ రోజు, ఆ తల్లి పేరున్న మైదానంలో, నెమూర్ జాన్ బతీస్త్ అనే సాక్సఫోన్ వాద్యగాడు తన కొత్త మేళాన్ని వెంటబెట్టుకుని వాయించాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏడేళ్ళు. తమ కోంపా ఆ రోజే పుట్టిందని హైతీ వాళ్ళు ఈనాటికీ లెక్క కడతారు.

కోంపా అంటే ఏమిటని అడగవేం? చేతులు కట్టుకుని, తల ఊపుతూ వినే కచేరీ సంగీతం కాదది. ఆడా మగా జంటగా పట్టుకుని ఆడడానికే పుట్టిన సంగీతం. చోటెక్కువ అక్కర్లేదు. గట్టిగా దగ్గరకు పొదువుకుని ఆడే జంటకి నేల మీద ఒక్క గచ్చుపలక ఉంటే చాలట. ఎగరడాలు, గిరికీలు కొట్టడాలు ఉండవు. అటో అడుగు, ఇటో అడుగు, మధ్యలో నడుం చెప్పేది చెబుతుంది. సిగ్గుపడకు, పెద్దవాళ్ళ ఆటే అది.

అంతకు ముందు అక్కడ నాట్యం లేదా అంటే, లేకేం. మెరెంగ్ అని వాళ్ళ పాత బాణీ ఒకటుంది. పెద్దిళ్ళ హాళ్ళలో పియానో మీద వినిపించేది. ఒస్వాల్ద్ దురాఁ అనే కవి 1883లో రాసిన 'షుకూన్' అనే గేయానికి పదేళ్ళ తరవాత మిషెల్ మోలియార్ మోంతోన్ వరస కట్టాడు. అదే తరవాత ఇంగ్లీషులో 'ఎల్లో బర్డ్' పేరుతో ప్రపంచమంతా తిరిగింది. పెతియోన్‌విల్‌లో ఆ పాట పేరే పెట్టుకున్న నాట్యశాల కూడా ఉండేది, కబాన్ షుకూన్ అని, గడ్డి కప్పు వేసినది. మాతృక పాట హైతీదన్న సంగతి పాడేవాళ్ళలో సగం మందికి తెలియదు. పోనీ, మనకెందుకు ఆ తగువు.

1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం హైతీని ఏలింది. పంతొమ్మిదేళ్ళు. తుపాకులతో పాటు జాజ్ సంగీతమూ వచ్చింది. మేళం అనడానికి బదులు 'జాజ్' అనే అలవాటు హైతీలో ఆనాటి నుంచి పాతుకుపోయింది. ఆ సైన్యం మీది కోపంతోనే, మన మట్టిలో ఏముందో చూసుకుందాం అని అక్కడి చదువుకున్నవాళ్ళు పల్లెల వైపు తిరిగారు. 1943లో మొదలైన జాజ్ దె జన్ అనే మేళం, వోదూ మతం గుళ్ళలో మోగే డప్పుల దరువును నాట్యశాలలోకి తెచ్చింది. ఇంకోపక్క పాలస్తీనా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబంలోని ఇస్సా ఎల్ సాయె క్యూబా ఫక్కీలో పెద్ద మేళం నడిపాడు. అందరూ ఉద్దండులే. కానీ ఆ సంగీతానికి సామాన్యుడు అడుగు కలపడం కష్టంగా ఉండేది. నేర్చినవాడు ఆడేవాడు, నేర్వనివాడు గోడకి ఆనుకుని చూసేవాడు.

ఈలోగా పక్కింటి నుంచి ఒక పాట వచ్చింది. హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఒకే దీవిని పంచుకున్న దేశాలు. ఆ పొరుగును ఏలుతున్నవాడు త్రుహీయో అనే నియంత. 1937లో సరిహద్దు దగ్గర వేలమంది హైతీ కూలీలను నరికించినవాడు. అతని తమ్ముడి చేతిలో 'లా వోస్ దొమినికానా' అనే బలమైన రేడియో కేంద్రం ఉండేది. దాంట్లో పొద్దస్తమానం వాళ్ళ మెరెంగే, అకార్డియన్ హోరెత్తే సిబావో ప్రాంతపు మెరెంగే. మనవాళ్ళు సొంత ఆకాశవాణిలో సినిమా పాటలు రాని రోజుల్లో రేడియో సిలోన్‌కి ఎలా చెవులప్పగించారో, హైతీ కుర్రకారు ఆ డొమినికన్ పాటలకి అలా చెవులప్పగించారు. ఆన్హెల్ విలోరియా అనే అకార్డియన్ వాద్యగాడి రికార్డులు ఇంటింటా తిరిగాయి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. కానీ ఇక్కడ ఆ పొరుగింటి చేతికి అంటిన నెత్తురు ఆరి ఇరవై ఏళ్ళు కాలేదు. అయినా పాటను కోపంతో తిప్పికొట్టలేదు వాళ్ళు. తలచుకున్నప్పుడల్లా నాకు గుండె పట్టేస్తుంది.

నెమూర్ చేసిందల్లా ఆ గాలిని పట్టి తన ఇంటి దరువులోకి దింపడమే. పొరుగువాళ్ళ వడిని తగ్గించాడు. తబలాలాంటి చిన్న డప్పు కాదు, తొడల మధ్య నిలబెట్టి అరచేతులతో వాయించే తంబూ అనే పొడుగు డప్పు వాళ్ళది. దాని మీద క్రోయిట్సెర్ దురోసో అనే మనిషి ఒక నిలకడైన నడక పట్టాడు. దానికి తోడు ఒకే మనిషి ఇనుప గంటని, నేల మీది పెద్ద డోలుని కలిపి కొట్టేవాడు. పైన రిషార్ దురోసో అకార్డియన్, ఆ పైన నెమూర్ సాక్సఫోన్. పాట ఎంతసేపు సాగినా ఆ నడక తప్పదు, తడబడదు. అడుగు ఎక్కడ పడాలో డప్పే చెప్పేస్తుంది. ఇక ఆడలేక మద్దెల ఓడు అనే సాకు ఎవరికీ మిగల్లేదు.

సంగీతం తెలిసిన పెద్దమనుషులు పెదవి విరిచారు. మరీ తేలిక అన్నారు. ఒకటే దరువు అన్నారు. పాట ఉన్నది క్రెయోల్ భాషలోనాయె, ఫ్రెంచి మాట్లాడే ఇళ్ళలో అదో నామోషీ. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా? నా మటుకు నేను, నెమూర్ గొప్పతనమంతా ఆ తేలికలోనే ఉందంటాను. కష్టమైనది కట్టి మెప్పు పొందడం ఒక ఎత్తు. గోడకి ఆనుకున్నవాణ్ణి చెయ్యి పట్టి నడిమికి లాక్కొచ్చే సంగీతం కట్టడం ఇంకో ఎత్తు. ఊళ్ళో అందరికీ నాట్యం తెలుసని వాళ్ళకే చెప్పినవాడు ఆయన.

ఆయన మేళానికి మొదట్లో 'ఓ కాలెబాస్' అని పేరు. కార్‌ఫూర్ అనే పేటలో ఆ పేరుతో ఒక నాట్యశాల ఉండేది, అందులో వాయించేవాళ్ళు. టిక్కెట్టు ఎంతో అని అడగబోతున్నావు కదూ? డబ్బు మాట వచ్చింది గనక వాళ్ళ డబ్బు సంగతి చెబుతాను విను. వాళ్ళ నాణెం గూర్డు. 1912 నుంచి 1980లు ముగిసేదాకా డాలరుకి అయిదు గూర్డులు అని కట్టుబడి ఉండేది. మన రూపాయి ఆ రోజుల్లో డాలరుకి నాలుగూ డెబ్బై ఆరు. అంటే 1955లో నీ తాత జేబులో రూపాయి, నెమూర్ జేబులో గూర్డు ఇంచుమించు ఒకటే విలువ! ఇప్పుడు డాలరుకి 130 గూర్డుల చుట్టూ తిరుగుతోంది. అయినా హైతీ బజారులో అయిదు గూర్డులని 'ఒక డాలరు' అనే లెక్క ఇంకా పోలేదు. పాతికను 'అయిదు డాలర్లు' అంటారు. మనం అణాలు పోయి ఎన్నాళ్ళైనా పావలా, అర్ధరూపాయి అనలేదూ, అలవాటు అంత తొందరగా చావదు. సరే, గూర్డుల దారిలో పడితే తెల్లారుతుంది. సంగీతం దగ్గరికి వద్దాం.

ఇక్కడ అసలు రసం మొదలవుతుంది. నెమూర్ తొలి మేళంలోనే వెబెర్ సికో అనే కుర్రాడుండేవాడు. పన్నెండేళ్ళు చిన్నవాడు. సాక్సఫోన్ మీద అతని వేళ్ళు నడిచినట్టు నెమూర్ వేళ్ళు నడవవని ఆనాడు విన్నవాళ్ళందరూ ఒప్పుకున్న మాట. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా. సికో బయటికొచ్చేశాడు. బూర ఊదే సోదరుడు రేమోన్‌ను కలుపుకుని సొంత మేళం కట్టాడు. 1960లు వచ్చేసరికి తన సంగీతం కోంపా కాదు, 'కదాన్స్ రాంపా' అని చాటాడు. రెండూ పక్కపక్కన పెట్టి విను. సికో కూర్పులో మెలికలు ఎక్కువ, బూరల మధ్య సంవాదం ఎక్కువ. దరువు మాత్రం అన్నదమ్ములదే. ఆ మాట ఆ రోజుల్లో పోర్ట్ ఓ ప్రిన్స్‌లో పైకి అని ఉంటే ఇద్దరి అభిమానులూ కలిసి నీ మీద పడేవాళ్ళు!

ఊరు రెండుగా చీలింది. ఫుట్‌బాల్ జట్లకి చీలినట్టే చీలింది. నెమూర్ వాళ్ళది ఎరుపూ తెలుపూ. ఒకరు కట్టిన పాటకి ఇంకొకరు పాటతోనే జవాబు. లెంట్ ఉపవాసాలకు ముందు వచ్చే కార్నివాల్ మూడు రోజులూ మేళాలు బండ్లెక్కి ఊరేగేవి. వెనక వేలమంది ఆడుతూ నడిచేవాళ్ళు. ఆ ఏటి కొత్త పాటలో ఎదుటి మేళం మీద చురక లేకపోతే అభిమానులు ఊరుకునేవాళ్ళు కాదు. మనిషి వెర్రి చూడు, రెండు పాటలకీ ఆడే అడుగు ఒకటే, కానీ ఏ పాటకి ఆడామన్నది పౌరుషం!

ఆ పోటీ వల్ల చెడిందేమిటి? ఏమీ లేదు. ఒకడు నిద్రపోతే రెండోవాడు పాట కడతాడన్న భయంతో ఇద్దరూ ఏళ్ళ తరబడి మెలకువగా ఉన్నారు. మేలు జరిగింది ఆడేవాళ్ళకి. చిత్రమేమిటంటే ఇద్దరూ 1985లోనే వెళ్ళిపోయారు. ఫిబ్రవరిలో సికో, మే 18న నెమూర్. మే 18 హైతీ జెండా పండగ.

ఇంత ఆటా పాటా నడుస్తున్నప్పుడు దేశం మీద చల్లటి నీడ ఉందనుకోకు. 1957లో ఫ్రాన్స్వా దువాలియే గద్దెనెక్కాడు. డాక్టరు చదివినవాడే, కానీ తోంతోన్ మకూత్ అనే గూండా సేనను ఊరి మీద వదిలాడు. రాత్రి తలుపు తడితే ఎవరో తెలియని రోజులు. మేళాలు పాలకుణ్ణి పొగుడుతూ పాటలు కట్టక తప్పేది కాదు. తండ్రి 1971లో పోతే పందొమ్మిదేళ్ళ కొడుకు గద్దెనెక్కాడు, 1986లో దేశం వదిలి పారిపోయేదాకా దిగలేదు. ఆ ఇరవై తొమ్మిదేళ్ళలో జనం నోరు కట్టేసుకున్నారు, కాళ్ళు మాత్రం కట్టేసుకోలేదు. అది పిరికితనం అనేవాళ్ళూ ఉన్నారు. నేననను. భయంతో బిగుసుకున్న ఒంటిని శనివారం రాత్రి ఒక్కసారి వదులు చేసుకోనివ్వడం చిన్న సాయం కాదు.

చదువుకున్నవాళ్ళు, చేతి పని ఉన్నవాళ్ళు మూటాముల్లే సర్దుకుని న్యూయార్క్‌కు, మోంట్రియల్‌కు వెళ్ళిపోసాగారు. పాటా వాళ్ళ వెంటే వెళ్ళింది.

1960ల నడుమ ఇంకో తరం లేచింది. బడి పిల్లలు, మధ్యతరగతి ఇళ్ళ కుర్రాళ్ళు. పదిహేను మంది బూరలవాళ్ళను పోషించే స్తోమత ఎవరికుంది? రెండు ఎలక్ట్రిక్ గిటార్లు, ఒక బేస్, డ్రమ్ములు, డప్పు, గంట, ఒకే ఒక్క సాక్సఫోన్. పేటకో మేళం, వీధికో మేళం. వీటికి మినీ జాజ్ అని పేరు. చదువు మానేసి తంబూ పట్టుకుంటావా అని అమ్మానాన్నలు తిట్టడం అక్కడా ఉంది నాయనా, నీకొక్కడికే కాదు. 1965లో ష్లూ ష్లూ, 1968లో పెతియోన్‌విల్ నుంచి తబూ కోంబో. ఈ తబూ కోంబో న్యూయార్క్ చేరి, 1975లో 'న్యూయార్క్ సిటీ' అనే పాట వదిలింది. ఫ్రాన్సులో ఆ ఏడు ఆ పాట మోగని చోటు లేదు. మినీ జాజ్ వాళ్ళ పాట ఒక్కోటి పది నిమిషాలు సాగేది. మొదట కాసేపు పాట, తరవాత పాడేవాడు పక్కకి తప్పుకుంటే గిటార్లు, గంట, డప్పు కలిసి నిప్పు రాజేస్తాయి. ఆట అసలు అక్కడే. మూడు నిమిషాలకే ముందుకి తోసేసే నీ వేలికి ఆ రుచి అందదు, అందుకే ముందే చెబుతున్నా, ఓపిక పట్టు.

కుపే క్లూయే గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. అసలు పేరు జెస్నెర్ ఆఁరీ, లెయోగాన్ ఊరివాడు, 1925లో పుట్టాడు. కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడినవాడు. పాట మధ్యలో ఆపి, గిటారు మెల్లగా మోగుతుంటే కథలు చెప్పేవాడు. సంసారం కథలు, సరసం కథలు, పైకి ఒక అర్థం లోపల ఇంకో అర్థం. ముసలమ్మలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వే రకం. పశ్చిమ ఆఫ్రికాలో ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. రాజు అనే బిరుదు ఇచ్చారు. వందల ఏళ్ళ కిందట ఆఫ్రికా నుంచి సంకెళ్ళతో తోలుకుపోయినవాళ్ళ సంతానం, పాట రూపంలో ఆ గడ్డ మీద రాజై దిగాడు. ఇది కట్టుకథ కాదు, జరిగింది.

ఉత్తరాన కాప్ హైతియన్ అనే ఊరుంది. అక్కడివాళ్ళకి రాజధాని పోకడలంటే ఎప్పుడూ చిన్నచూపే. చిన్న మేళాల ఈదురుగాలి వీచినా వాళ్ళు బూరలు దించలేదు. 1948లో పుట్టిన సెప్తాంత్రియోనాల్, 1963లో పుట్టిన త్రోపికానా, రెండూ నిండు మేళాలే, తాతలు పోయి మనవలు వచ్చినా ఇంకా వాయిస్తూనే ఉన్నాయి. అక్కడా ఊరు రెండు పక్షాలే అనుకో!

ఇక ఇంట గెలిచి రచ్చ గెలిచిన సంగతి. హైతీ మేళాలు అదే సముద్రంలోని దీవులైన మార్టినిక్, గ్వాడెలూప్‌లకు పడవలెక్కి, విమానాలెక్కి వెళ్ళి అక్కడి నాట్యశాలలన్నీ ఆక్రమించాయి. స్థానిక వాద్యగాళ్ళకి పని కరువైంది. వాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదు, ఆ దరువు నేర్చుకున్నారు. డొమినికా దీవివాడైన గోర్డన్ హెండర్సన్, ఎక్సైల్ వన్ అనే మేళంతో దాన్ని కాలిప్సోతో కలిపాడు. 1979లో గ్వాడెలూప్ వాళ్ళు కస్సావ్ అనే బృందం పెట్టి, మన గొంతు మనకుండాలి అని తమ గ్వోకా డప్పు, సింథసైజర్లు కలిపి జూక్ అనే కొత్త సంగీతం చేశారు. 1984 నాటి వాళ్ళ పాట యూరప్‌ని, ఆఫ్రికాని ఊపేసింది. చివరికి హైతీ కుర్రాళ్ళే కస్సావ్‌ని విని సింథసైజర్లు కొనుక్కున్నారు. తాతకి దగ్గులు నేర్పడం అంటే ఇదే మరి, కానీ ఆ తాత మారాం చెయ్యకుండా నేర్చుకున్నాడు. అదే జూక్ ఆఫ్రికాకి వెళ్ళి అంగోలాలో వాళ్ళ సెంబాతో కలిస్తే కిజోంబా అయింది. నువ్వు నెలకింత అని కట్టి మాదాపూర్‌లో నేర్చుకుంటున్నావే, ఆ కిజోంబాకి ముత్తాత ఎవరో ఇప్పుడు తెలిసిందా? మీ మాస్టారిని ఈసారి నెమూర్ పేరు అడిగి చూడు.

తరవాతి సంగతులు నీకే నాకన్నా బాగా తెలుసు. 2001లో న్యూయార్క్ నుంచి కారిమి అనే మేళం వచ్చింది. స్వీట్ మిక్కీ పేరుతో కోంపా వాయిస్తూ, వేదిక మీద నానా ఆగం చేసిన మిషెల్ మార్తెల్లి 2011లో ఏకంగా దేశాధ్యక్షుడయ్యాడు. పాట బాగా పాడినవాడు రాజ్యం బాగా ఏలతాడని పూచీ లేదు, ఆ ముచ్చట ఇంకోనాడు.

2025 డిసెంబరులో ఢిల్లీ ఎర్రకోటలో యునెస్కో పెద్దలు కూర్చుని అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితా చూశారు. మన దీపావళిని ఎక్కించిన ఆ సమావేశంలోనే హైతీ కోంపానీ ఎక్కించారు. మన పత్రికలన్నీ దీపావళి గురించి రాశాయి, రాయాలి కూడా. నేను మాత్రం ఆ రాత్రి రెండింటికీ కలిపి ఒక దీపం ఎక్కువ పెట్టాను. నాలుగేళ్ళ ముందు, 2021లో, జనవరి ఒకటిన స్వాతంత్ర్యం పేరు చెప్పుకుని వాళ్ళు ఇంటింటా తాగే గుమ్మడికాయ సూపుకీ ఇదే గౌరవం దక్కింది. పోర్ట్ ఓ ప్రిన్స్‌లో ఇవాళ వీధులు ముఠాల చేతిలో ఉన్నాయి, శనివారం నాట్యాలు ఎన్నో చోట్ల ఆగిపోయాయి. అయినా మయామీలో, బ్రూక్లిన్‌లో, మోంట్రియల్‌లో ఆ దరువు ఆగలేదు.

ఇప్పుడు ఆ ఫోను తియ్యి, పర్లేదు. ముందు నెమూర్ పెట్టు, అకార్డియన్ ఉన్న పాత రికార్డు. తరవాత సికో. ఆ తరవాత తబూ కోంబో, పది నిమిషాలదే, ముందుకి తొయ్యకుండా. శబ్దం కాస్త పెంచు, నాకు కుడి చెవి సరిగ్గా వినపడదు.